దివిసీమ స్వావలంబన: పంట లెక్కలు చెప్పని సంగతులు

కృష్ణానది పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే లోపల ఏర్పడిన భూభాగం దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలాలు ఈ పాయల నడుమ ఉన్నాయి. వ్యవసాయ గణాంకాలలో ఇది వరి మిగులు ప్రాంతం. విపత్తు నిర్వహణ పత్రాలలో ఇదే ప్రాంతం తుపాను ముప్పు అధికంగా గల తీరం. రెండు వర్ణనలూ నిజమే. అయితే అవి వేర్వేరు కార్యాలయాలలో, వేర్వేరు దస్త్రాలలో ఉండిపోవడం వల్ల వాటి నడుమ తలెత్తవలసిన ప్రశ్న తలెత్తడం లేదు. దారులు తెగి, విద్యుత్తు ఆగి, బయటి సరఫరా అందని స్థితిలో ఇంత ధాన్యం పండించే సీమ తన ప్రజలను, పశువులను, తదుపరి పంటను ఎన్ని రోజులు నిలుపుకోగలదు?

ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను, దానితోపాటు విరుచుకుపడిన ఉప్పెన ఈ సీమను తుడిచిపెట్టాయి. పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి తీర గ్రామాల పేర్లు ఆ తరువాతనే రాష్ట్రమంతటికీ తెలిశాయి. అది వరి కోతలకు సిద్ధమవుతున్న కాలం. ఏడాది తిండి చేలలోనే ఉండగా సముద్రం వాటి మీదుగా నడిచింది. తాగునీటి చెరువులు ఉప్పునీటితో నిండాయి. ప్రాణాలతో మిగిలినవారికి మొదట కరువైనది మంచినీరు, తరువాత తిండి, ఆ తరువాత విత్తనం.

1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం సమీపంలోనే మరొక తీవ్ర తుపాను తీరం దాటింది. అప్పటికి ముందస్తు హెచ్చరికలు, ప్రజలను తరలించే ఏర్పాట్లు, తుపాను రక్షిత భవనాలు అమరి ఉన్నాయి. మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఆగింది. పదమూడేళ్లలో సాధించిన ఈ ప్రగతిని తక్కువ చేసి చూపడం అన్యాయం. కాని అది తుపాను వచ్చే రాత్రికి సంబంధించిన సన్నద్ధత. తెల్లవారిన తరువాతి పది రోజుల విషయంలో అంతటి శ్రద్ధ కనిపించదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలని నిర్దేశించింది. అటువంటి ప్రణాళికలలో శాఖల బాధ్యతలు, అధికారుల ఫోను నంబర్లు, పునరావాస కేంద్రాల జాబితాలు ఉంటాయి. గ్రామంలోనే లభించే తిండి, నీరు, మేత, విత్తనం ఎంత అన్నది సాధారణంగా ఉండదు. సహాయం బయటినుంచే రావాలన్న భావన మీద అవి నిర్మితమయ్యాయి.

విస్తరణ నివేదికలలో స్వయంసమృద్ధి, స్వావలంబన అనే రెండు మాటలు తరచు ఒకదాని బదులు మరొకటి వాడబడుతుంటాయి. పండిన దానికీ తినవలసిన దానికీ గల నిష్పత్తి మొదటిది. ఆపద వేళ చేతికందే దాని కొలత రెండవది. ఈ తేడాను ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. ఈ మూడు మండలాల జనాభా లక్షకు మించి ఉంది. సౌలభ్యం కోసం లక్ష అనుకొని, మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం చొప్పున తీసుకుంటే రోజుకు 40 టన్నులు, పది రోజులకు 400 టన్నులు కావాలి. నూటికి 65 వంతుల బియ్యం దిగుబడి వస్తుందనుకుంటే అందుకు సుమారు 615 టన్నుల ధాన్యం అవసరం. ఎకరాకు 75 కిలోల బస్తాలు 28 పండే పొలంలో ఇది మూడు వందల ఎకరాల పంట. వేలాది ఎకరాలలో వరి పండే సీమకు ఇది లెక్కలోనికి రాని పరిమాణం. కాగితం మీద దివిసీమ ఏళ్ల తరబడి నిలవగలదు.

వాస్తవం వేరు. ఒక తరం క్రితం వరకు డెల్టా రైతు ఇంటి ముందు ధాన్యపు పురి ఉండేది. ఎంటుతో చుట్టిన ఆ పురిలో ఇంటి తిండిగింజలు, వాటి పక్కనే వేరుగా విత్తనాలు ఉండేవి. ఈనాడు వరికోత యంత్రం చేలోకి దిగిన రోజుననే ధాన్యం రోడ్డు మీద ఆరి, తేమ 17 శాతానికి దిగిందనిపించగానే లారీ ఎక్కుతున్నది. రైతు తిరిగి బియ్యం కొనుక్కొని తింటున్నాడు. ఇందులో రైతు తప్పేమీ లేదు. నిల్వకు చోటు లేదు, అప్పు తీర్చవలసిన గడువు ఆగదు, ఎలుకకూ పురుగుకూ కాపలా ఉండే మనిషి ఇంట లేడు. కాని దాని ఫలితంగా జనవరి దాటిన తరువాత ఆ గ్రామంలో ధాన్యం ఎంత ఉందని అడిగితే చెప్పగలవారు తక్కువ. ఉత్పత్తి పట్టికలో కనిపించే వేల టన్నులు ఆ గ్రామపు ఆపద్ధనం అన్న భ్రమ మాత్రం మిగులుతున్నది.

ధాన్యం ఉన్నా అది అన్నం కావాలంటే మర ఆడాలి. ఐదు వేల జనాభా గల గ్రామానికి రోజుకు రెండు టన్నుల బియ్యం, అంటే మూడు టన్నుల పైచిలుకు ధాన్యం మర పట్టాలి. గంటకు మూడు క్వింటాళ్లు ఆడే చిన్న మిల్లుకు అది పది గంటల పని. విద్యుత్తు లేని రోజున ఆ మిల్లును నడపగల డీజిలు ఇంజను గ్రామంలో ఉన్నదా, ఉంటే దానికి ఎన్ని రోజుల నూనె ఉన్నది అన్నది ఏ సర్వే పత్రంలోనూ ఒక గడిగా కనిపించదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వంటి మహానగరాన్నే రోజుల తరబడి విద్యుత్తు లేకుండా, ఫోన్లు పనిచేయకుండా నిలిపివేసింది. నదీముఖంలోని లంక గ్రామం వంతు ఎప్పుడు వస్తుందో ఊహించుకోవచ్చు.

నీటి సంగతి మరింత సున్నితమైనది. దివిసీమలో భూగర్భజలం చాలా చోట్ల ఉప్పన. పులిగడ్డ అక్విడక్టు మీదుగా వచ్చే కాలువ నీరే సేద్యానికీ, మంచినీటి చెరువులు నింపుకోవడానికీ ఆధారం. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట, 1957లో దాని స్థానంలో వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఈ సీమకు అన్నం పెట్టాయి. అదే సమయంలో ఒకే నిర్మాణం మీద, ఒకే కాలువ మీద ఆధారపడే స్థితినీ కల్పించాయి. మానవతా సహాయ సంస్థలు పాటించే కనీస ప్రమాణం మనిషికి రోజుకు 15 లీటర్లు. ఐదు వేల మందికి అది రోజుకు 75 వేల లీటర్లు. నిండిన చెరువుకు ఇది పెద్ద భారం కాదు. చెరువు గట్టు ఉప్పెన నీటి మట్టానికి పైన ఉన్నదా, తోడే యంత్రానికి జనరేటరు ఉన్నదా అన్నవే అసలు ప్రశ్నలు. గట్టు ఒక్క చోట తెగి సముద్రపు నీరు లోనికి వస్తే ఆ గ్రామపు నీటి నిల్వ ఒక్క గంటలో సున్న అవుతుంది.

వ్యవసాయ విస్తరణకు నేరుగా సంబంధించినది, అయినా అంచనాలలో అతి తక్కువగా కనిపించేది విత్తనం. ఆపద అంటే ఆకలి అని మాత్రమే అనుకోవడం వల్ల ఈ లోపం వచ్చింది. బియ్యం ఎక్కడినుంచైనా తేవచ్చు. పది రోజులు ఆలస్యమైతే ఆకలి బాధిస్తుంది, కాని అప్పుడైనా వచ్చిన బియ్యం పనికివస్తుంది. పది రోజులు ఆలస్యంగా వచ్చిన విత్తనం చాలా సార్లు పనికిరాదు.

కృష్ణా డెల్టాలో వరి మాగాణి మినుము ఇందుకు సరియైన ఉదాహరణ. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో పదును ఉండగానే నిలిచిన పైరులో ఎకరాకు 16 నుండి 18 కిలోల మినుములు వెదజల్లుతారు. తరువాత నీరు పెట్టరు, దున్నరు. మిగిలిన తేమతోనే పంట పండుతుంది. నవంబరు చివర విత్తనం చల్లిన వారానికే తుపాను వాన కురిస్తే మొలక కుళ్లిపోతుంది. నీరు తీసి, మళ్లీ పదునుకు వచ్చాక రెండవసారి చల్లడానికి రైతుకు దొరికేది అతి స్వల్ప వ్యవధి. డిసెంబరు దాటితే దిగుబడి పడిపోతుంది. ఇక్కడ మినుము రైతుకు అదనపు ఆదాయం మాత్రమే కాదు. చాలా కుటుంబాలలో వరి అప్పులకు పోగా చేతిలో మిగిలే రొక్కం అదే. వెయ్యి ఎకరాల గ్రామానికి రెండవ విడతగా 16 టన్నుల విత్తనం కావాలి. అది గ్రామంలో ఉంటే ఆ ఏడాది గట్టెక్కుతుంది. జిల్లా కేంద్రానికి ప్రతిపాదన వెళ్లి, అనుమతి వచ్చి, టెండరు పూర్తయ్యేసరికి పదును ఆరిపోతుంది.

వరిలో లెక్క ఇంతకంటే పెద్దది. జూలై, ఆగస్టులలో వరదకు నారుమడులు మునిగి కుళ్లితే ఎకరాకు 20 నుండి 25 కిలోల చొప్పున వెయ్యి ఎకరాలకు 25 టన్నుల వరకు విత్తనం తిరిగి కావాలి. అదీ స్వల్పకాలిక రకం కావాలి, లేదా నేరుగా వెదజల్లే పద్ధతికి మారాలి. ముంపును రెండు వారాల వరకు తట్టుకొనే స్వర్ణ సబ్-1 వంటి రకాలు, చౌడును ఓర్చుకొనే మచిలీపట్నం పరిశోధనా స్థానపు ఎం.సి.ఎం. రకాలు పరిశోధనా ఫలితాలుగా అందుబాటులోనే ఉన్నాయి. ఏ గ్రామంలో ఎన్ని ఎకరాలలో అవి సాగులో ఉన్నాయి, అక్కడి రైతు దగ్గర మరుసటి ఏటికి ఎన్ని బస్తాల విత్తనం ఉన్నది అన్న సమాచారం లేకపోతే ఆ ఫలితాలు సన్నద్ధత కిందికి రావు. తీరపు తేమగాలిలో విత్తనం నిల్వ చేయడం తేలిక కాదన్నది నిజమే. వరి విత్తనం 13 శాతం, అపరాల విత్తనం 9 శాతం తేమకు మించకుండా ఆరి, గాలి చొరని సంచులలో ఉండాలి. మినుముకు పుచ్చు పురుగు బెడద అదనం. ఏటేటా పాత విత్తనాన్ని విత్తుకొని కొత్తదానిని దాచే పద్ధతిలో తిప్పితే తప్ప గ్రామ విత్తన నిధి నిలవదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగా ఉండే తుపాను రక్షిత భవనపు పై అంతస్తులో దీనికొక గదిని కేటాయించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఏ శాఖ గదిని ఏ శాఖ వాడుకోవాలన్న వివాదమే పెద్దది.

ఉప్పు విషయం మరొకటి. చిన్నదిగా కనిపించే ఈ ఉదాహరణ అంచనా ఎలా ఉండాలో బాగా చెబుతుంది. కోతకు వచ్చిన వరి వానకు పడిపోయి కంకిలోనే మొలకెత్తకుండా ఉండడానికి 5 శాతం ఉప్పు ద్రావణం పిచికారీ చేయాలని శాస్త్రవేత్తలు ఏటా తుపాను సమయంలో సూచిస్తారు. పత్రికలలో, రేడియోలో, ఫోను సందేశాలలో ఆ సూచన తప్పక వస్తుంది. ఎకరాకు 200 లీటర్ల నీటికి 10 కిలోల ఉప్పు కావాలి. వెయ్యి ఎకరాలకు 10 టన్నులు. గ్రామంలోని కిరాణా కొట్లలో ఆ రోజున ఎంత ఉప్పు ఉంటుంది? ఎన్ని పిచికారీ యంత్రాలు, వాటికి ఎంత ఇంధనం, పడిపోయిన చేలోకి దిగే కూలీలు ఎందరు? సూచన శాస్త్రీయమైనదే. దానిని అమలు చేయగల శక్తి గ్రామానికి ఉన్నదా అని ముందుగా కొలవని సూచన సగం సూచనగానే మిగిలిపోతుంది. సముద్రం పక్కనే ఉన్న సీమలో ఉప్పు దొరకక ధాన్యం మొలకెత్తడం విడ్డూరమే అయినా అసంభవం కాదు.

పశువులకు మేత లెక్క రైతులకు నోటికే వస్తుంది. ఒక గేదెకు రోజుకు ఆరు కిలోల ఎండుగడ్డి అయినా పది రోజులకు 60 కిలోలు. ఎత్తైన దిబ్బ మీద వామి వేసిన ఇంటికి ఇబ్బంది లేదు. యంత్రపు కోతల తరువాత గడ్డిని చుట్టలు కట్టి అమ్మివేసిన ఇంటికి, పల్లంలో వామి వేసి ఉప్పునీట తడిపిన ఇంటికి మొదటి రోజునుంచే కరువు. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే పూర్తయ్యాయా అన్నది కూడా సన్నద్ధతలో భాగమే.

రొయ్యల చెరువుల విస్తరణ ఈ లెక్కలన్నిటినీ మార్చివేస్తున్నది. నాగాయలంక, కోడూరు ప్రాంతాలలో వరి చేలు చెరువులుగా మారినచోట తిండిగింజ, పశుగ్రాసం రెండూ తగ్గాయి. చెరువుకు గాలినిచ్చే యంత్రాలు కొన్ని గంటలు ఆగినా పంట చస్తుంది. అందువల్ల ఆపద సమయంలో గ్రామంలో ఉన్న కాస్త డీజిలు కోసం తాగునీటి పంపు, మర, రొయ్యల చెరువు పోటీపడతాయి. ఆ పోటీలో ఎవరు గెలుస్తారో చెప్పడానికి సర్వే అవసరం లేదు. అయితే చెరువు యజమానుల వద్దనే జనరేటర్లు, పడవలు, ట్రాక్టర్లు ఉన్నాయి. వాటిని ఆపద వేళ గ్రామ అవసరాలకు ఇచ్చే ఒప్పందం ముందే కుదిరితే అవే గ్రామపు బలం కావచ్చు. ఆక్వా సాగును దోషిగా నిలబెట్టడం కంటె ఈ మార్గం ఉపయోగకరం.

సగటు లెక్కల్లో మరొక ప్రమాదం ఉంది. గ్రామానికి పది రోజుల తిండి ఉన్నదన్న సగటు, ముప్పై ఇళ్లకు మూడు నెలల తిండి, రెండు వందల ఇళ్లకు మూడు రోజుల తిండి ఉన్నదన్న వాస్తవాన్ని దాచవచ్చు. కూలి మీద బతికే కుటుంబాలకు, చేపలు పట్టుకొనే యానాదులకు నిల్వ అంటే చౌకధరల దుకాణపు బియ్యమే. మనిషికి నెలకు ఐదు కిలోలు నెల మొదట్లో వస్తాయి. తుపాను ఐదవ తేదీన వస్తే ఆ ఇంట గింజ ఉంటుంది, ఇరవై ఎనిమిదవ తేదీన వస్తే ఉండదు. ఒకే గ్రామపు స్వావలంబన ఒకే నెలలో ఇలా పెరిగి తరుగుతుంటుంది. ఋతువును, నెలలోని తేదీని పట్టించుకోని అంచనా ఇటువంటి ఇళ్లకు సంబంధించి ఏమీ చెప్పదు.

కౌలు రైతు స్థితి ఇంకొక రకం. పొలం మునిగినప్పుడు పెట్టుబడి నష్టపోయేది అతడు. పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చింది. పదకొండు నెలల ఒప్పందానికి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం దొరకనిచోట నష్టపరిహారపు జాబితాలో అతని పేరు కనిపించదు. మళ్లీ విత్తనం కొనే శక్తి లేని రైతు ఉన్న గ్రామంలో విత్తనం నిల్వ ఉన్నా పొలం బీడుగానే ఉంటుంది. అంచనా పత్రంలో సాగుదారు ఎవరన్న గడి భూమి యజమాని ఎవరన్న గడికి వేరుగా ఉండాలనడానికి కారణం ఇదే.

ఈ వాదానికి ఒక బలమైన ప్రత్యుత్తరం ఉంది. రహదారులు, వంతెనలు మెరుగుపడ్డాయి, పులిగడ్డ–పెనుమూడి వంతెన గుంటూరు వైపునకు దారి తెరిచింది, ప్రభుత్వాలు వేగంగా స్పందిస్తున్నాయి, ఇటువంటి కాలంలో ప్రతి గ్రామం గాదెలు నింపుకోవాలనడం పాతకాలపు మోజు అని కొందరు ఆర్థికవేత్తలు అనవచ్చు. నిల్వకు ఖర్చు ఉంటుంది, నిల్వ ఉన్నది చెడిపోతుంది. ఈ మాటలో నిజం ఉంది. ఏడాది నిల్వను కోరడం అవివేకం. కాని సహాయం కూడా వరుసలో వస్తుంది. 2024 సెప్టెంబరు ఆరంభంలో ప్రకాశం బ్యారేజీ వద్ద వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, 2009 అక్టోబరు నాటి రికార్డును దాటింది. విజయవాడ నగరంలోనే లక్షలాది మంది నీటిలో చిక్కుకున్నారు. పడవలు, సిబ్బంది, ఆహార పొట్లాలు సహజంగానే అక్కడికి పరుగెత్తాయి. అదే నీరు దిగువన నదీముఖపు లంకలకు చేరినప్పుడు వాటి వంతు తరువాతిది. ఆ వంతు వచ్చేవరకు నిలవడానికి కావలసిన ఏడు లేదా పది రోజుల సామర్థ్యమే ఇక్కడ చర్చనీయాంశం.

దీర్ఘకాలిక పంటలు గల ప్రాంతాలకు ఈ రోజుల లెక్క చాలదని కూడా గుర్తించాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటలను కూల్చినప్పుడు అక్కడి రైతు కోల్పోయినది ఏళ్ల ఆదాయం. అక్కడ విత్తన నిధికి బదులు నారుమొక్కల నిధి, అంతర పంటల ప్రణాళిక కావాలి. ఒక ప్రాంతపు పత్రాన్ని మరొక ప్రాంతానికి అచ్చుగుద్దినట్లు వాడరాదు.

ఈ పని ఎవరు చేయాలన్నది మిగిలిన ప్రశ్న. వ్యవసాయ డిగ్రీ చివరి సంవత్సరపు విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా గ్రామాలలో వారాల తరబడి నివసిస్తారు. గ్రామ పటం గీస్తారు, ఋతు పట్టిక తయారుచేస్తారు, రైతులతో కూర్చొని వనరుల లెక్క రాస్తారు. ఆ పుస్తకం మార్కులు వేయించుకొని కళాశాల అలమరాలోకి చేరుతుంది. ఆ కృషిలోనే నీరు, తిండి, మేత, విత్తనం, ఇంధనం ఎన్ని రోజులకు ఉన్నాయన్న ఐదు వరుసలను, ఏడాదిలో కనీసం మూడు వేర్వేరు నెలలకు, అతి పేద ఇరవై ఇళ్లకు విడిగా చేర్చవచ్చు. కొత్త నిధులు అక్కరలేదు. గ్రామ సచివాలయంలోని వ్యవసాయ సహాయకుడు, రైతు సేవా కేంద్రం, పంచాయతీ పెద్దలు ఆ పత్రాన్ని సరిచూసి, తొలకరికి ముందు ఒకసారి, అక్టోబరులో ఒకసారి తిరగరాయవచ్చు. పరీక్షకుడు దానికి మార్కులు వేసే ముందు, విద్యార్థి ఆ పత్రాన్ని గ్రామంలో ఎవరి చేతికి అప్పగించాడో అడగాలి.

పరీక్షకు తగిన మొదటి చోటు కూడా దగ్గరలోనే ఉంది. నాగాయలంక మండలంలోని ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ దీవుల ప్రజలకు రాకపోకలు ఏటిమొగ రేవు దాటే పంటు మీదనో, పడవల మీదనో ఆధారపడి సాగాయి. గాలి ఎక్కువైతే ముందుగా ఆగేది ఆ పంటే. అక్కడి వారికి వంట నూనె, మందులు, డీజిలు, పశువుల దాణా ఎప్పుడు తెచ్చుకోవాలో, ఎంత దాచుకోవాలో, ఎవరి ఇంట ఏమి దొరుకుతుందో తెలుసు. పంటు ఆగిన రోజులను వారు ఎలా వెళ్లబుచ్చారో అడిగి రాసుకుంటే, మిగిలిన సీమకు వేయవలసిన ప్రశ్నల పట్టిక సగం అక్కడే తయారవుతుంది.